ఒక్క గొంతు తప్ప

పుస్తకాలు బైండింగ్ చేసే ఆయనకు జ్వరంలో రెండు చెవులూ పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు చెవి వెనక చర్మం కింద ఒక యంత్రం పెట్టారు, పైన అంటుకుని ఒక బిళ్ళ. మొదటి రోజు మనుషులు మాట్లాడుతుంటే రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టే ఉంది. నెల తిరిగేసరికి ఆ గులకరాళ్ళే మాటలయ్యాయి. కాగితం తెగే చప్పుడు, పక్క కొట్టాయన బేరాలు, జిగురు డబ్బా మూత ఊడిన సడి కూడా వినిపించి, ఆయన ముక్కు మీద వేలేసుకున్నాడు.

ఒక్క భార్య గొంతు తప్ప. ఆమె పెదవులు కదులుతాయి, ఏమంటోందో చూస్తే తెలుస్తుంది, శబ్దం మాత్రం ఇసుమంత లేదు. ఇంట్లో ఉండేది ఇద్దరే. పగలు ఆమె కుట్టుమిషన్ల షెడ్డులో, ఈయన కొట్లో. ఆమె ఇంకొకరితో మాట్లాడగా వినే వీలు కూడా కలగలేదు. ఒకప్పుడు అందరూ ఆమెను రేడియో అని పిలిచేవారు. లోకంలోని గొంతులన్నీ పట్టే యంత్రం ఆ రేడియోను పట్టనంటోంది. దీనికోసమా తల కోయించుకున్నది అని కుమిలిపోయాడు. చెబితే ఆమె మనసు చివుక్కుమంటుందని పైకి అనలేదు.

వినికిడి పరీక్ష చేసే డాక్టరమ్మ తన నోటికి అడ్డంగా నల్లగుడ్డ బిగించిన చట్రం పట్టుకుని, తను అన్నది తిరిగి అనమంది.

“అసా.”

“అసా.”

“అమా.”

“అనా.”

“తప్పు. కానీ మంచి తప్పే బాబాయిగారూ! లోపలి చెవిలో వేల కణాలు చేసే పని, ఈ యంత్రంలో పాతిక లోపు తీగచుక్కలు చేస్తున్నాయి. ‘స’ బుస కొడుతుంది కాబట్టి ఇట్టే దొరుకుతుంది. మాట పెదవి దగ్గర పుట్టిందా, పళ్ళ దగ్గరా అన్నదే కష్టం. మిగిలిన ఖాళీలన్నీ మీ బుర్రే పాత జ్ఞాపకంతో పూడుస్తోంది.”

సగం చిరిగిన పుస్తకాలకు జీవితమంతా అతుకులు వేసినవాడు ఆయన. తన తలలో తనకు తెలియకుండా అంత నేర్పుగా అతుకులు వేస్తున్నదెవరా అని ఒళ్ళు జలదరించింది. మరి అంత పనితనం ఉన్న బుర్రకు భార్య గొంతు ఒక్కటే ఎందుకు అందదు? ఇక ఆగలేక డాక్టరమ్మకు చెప్పేశాడు.

ఆమె బయట కూర్చున్న భార్యను పిలిపించింది. బెదురుతూ వచ్చి కూర్చున్న ఆవిడ చేతికి చట్రం ఇచ్చి, ఆయన పేరు తప్ప ఏదైనా చెప్పమంది. గుడ్డ వెనక గడ్డం కదిలింది. గదిలో చప్పుడు లేదు.

“చూశారా అమ్మా,” అని ఆయన తల దించేశాడు.

డాక్టరమ్మ వింతగా చూసింది. “నాకూ వినపడలేదు బాబాయిగారూ.”

“అయ్యో, చెప్పానమ్మా!” అంది ఆవిడ, డాక్టరమ్మ వైపు తిరిగి.

ఆయన చటుక్కున తలెత్తాడు. రేకుడబ్బా గరగర అలాగే ఉంది. కానీ ఆ ‘అయ్యో’ సాగిన తీరు, ‘అమ్మా’ దగ్గర పైకి లేచిన విసురు ఆవిడవే. ఇంకెవరివీ కావు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

సంగతి అప్పుడు తేలింది. చెవులు పోయిన కొత్తలో ఆవిడ అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకుంటే, “అరవకే, పెదవులు కదుపు, చాలు,” అన్నది ఈయనే. ఆ రోజు నుంచి ఈయన ముఖం చూస్తే ఆవిడకు పెదవులే కదిలాయి, గొంతు రావడం మానేసింది. మానేసినట్టు ఆవిడకే తెలియదు.

“ఇప్పుడు ఆయనతో చెప్పండి, గొంతుతో,” అంది డాక్టరమ్మ.

రేడియో అంతటిది కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడిపోయింది. ఎంత ప్రయత్నించినా పెదవులే ఆడాయి. “నావల్ల కాదమ్మా, ఈయన్ని చూస్తే రావట్లేదు,” అని డాక్టరమ్మకే చెప్పుకుంది. ఆ మాటలు కూడా ఆయన కడుపునిండా విన్నాడు.

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. పేవ్‌మెంటు ఇరుకు. ఆయన ముందు, ఆవిడ వెనక. ఆయన ముఖం ఆవిడకు కనిపించడం లేదు.

“ఏవండీ,” అంది.

“ఊఁ,” అన్నాడు, వెనక్కి తిరగకుండా.

ఆవిడ నిలబడిపోయింది. కాసేపటికి మళ్ళీ, “ఏవండీ.”

“ఊఁ అన్నానుగా! ఏంటో చెప్పు.”

“ఏం లేదు,” అని, ఆవిడ మళ్ళీ పిలిచింది.