అరవైతో భాగించని చుక్క

పొద్దున్నే ప్రార్థన, ఆపైన టీ, ఆ తర్వాత రేడియో. ఇల్లందులో ఫ్లోరెన్స్ దినచర్య ఇంతే. వైర్‌లెస్‌లో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చింది మొదలు ఆమెకు వేరే లోకం లేదు. రెండు వారాలుగా మాత్రం ఒకటే పంతం. తమ్ముడు జస్టిన్ నడిపే అంబులెన్సు జీపు ఎక్కడుందో రేడియో అంకెల్లో చెబుతుంది. ఆ అంకెలు ల్యాప్‌టాప్‌లో మ్యాపు మీద చుక్కై కనిపించాలి. అడవి దారిలో ఫోన్లు పనిచేయవు మరి.

అన్నట్టు, ఫ్లోరెన్స్ మ్యాపులో దేన్ని ఎక్కడ పెట్టి సేవ్ చేస్తే నేల మీద కూడా అది అక్కడికే పోతుంది. పోయిన నెల పొరపాటున అంగన్‌వాడీని రోడ్డుకు ఇవతల పెట్టింది. మర్నాడు పిల్లలు ఇవతలికే వచ్చి కూర్చున్నారు. టీ కొట్టు దూరమైందని ఆయా కాస్త సణిగింది, అంతే. అప్పట్నుంచి సేవ్ నొక్కేముందు ఎదురింటి శ్రీశైలం సారుకు చూపిస్తోంది. ముప్పై ఏళ్లు సర్వేయరుగా చేసిన మనిషి, జానెడు తేడా కూడా ఒప్పుకోడు.

ఆ ఆదివారం జోరువాన. చర్చి నుంచి తడిసి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచిందో లేదో, చుక్క పడింది!

"సార్! జల్దీ రండి! పడ్డది!" చిన్నపిల్లలా గంతేసింది ఫ్లోరెన్స్.

శ్రీశైలం కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇదేంది బిడ్డా? జస్టిన్ పోయింది కామేపల్లి అవతలి తండాకు గదా. చుక్క ఖమ్మంల దవాఖానా ముంగట పడ్డది."

ఆమె ప్రాణం ఉసూరుమంది. తప్పు పట్టడానికి సారుకు నిమిషం చాలు. రేడియో ఇచ్చేది డిగ్రీలు, నిమిషాలు. నిమిషాల్ని అరవైతో భాగించాలి. ఆమె భాగించకుండానే పాయింటు తర్వాత రాసేసింది.

"గిట్లెట్ల రాస్తవ్? దిద్దు. దిద్దినంకనే సేవ్ కొట్టు."

అంతలో రేడియో గరగరమంది. జస్టిన్ గొంతు. "అక్కా! తండా పిల్ల చాందిని ఎక్కించుకున్న. కాన్పు కష్టమైంది, నెత్తురు ఆగుతలేదు. వాగు పొంగింది, బండి దాటదు. ఏం జెయ్యాలె?"

వెనక చాంది మూలుగు వినబడుతోంది. ఫ్లోరెన్స్ మ్యాపు వైపు చూసింది. దిద్దితే చుక్క బండి ఆగిన వాగు అవతలి ఒడ్డుకే పోతుంది.

"సార్... దిద్దమంటరా?"

శ్రీశైలం కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. తప్పుడు లెక్కకు ఆయన ఏనాడూ సరే అన్నవాడు కాదు.

"దిద్దకు బిడ్డా. గట్లనే కొట్టు."

కొట్టింది.

"అక్కా, దవాఖానా గేటు తీస్తున్నరు! స్ట్రెచర్ తెస్తున్నరు!" జస్టిన్ కేకకు రేడియో అదిరింది. శ్రీశైలం కుర్చీలో కూలబడ్డాడు.

రెండు గంటల తర్వాత ఈసారి ఫోనే మోగింది, జస్టిన్. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఫ్లోరెన్స్ నవ్వుతూనే ఏడ్చేసింది. తర్వాత అడిగింది: "జీపుల ఇంకెవరన్న ఉన్నరా?"

"లేరక్కా. నేనే సీట్ల కూసున్న."

"దిగు."

"దిగిన. ఎందుకు?"

సారు ముందు తప్పు లెక్క మిగలకూడదు. ఆమె అరవైతో భాగించి సేవ్ నొక్కింది.

"అక్కా! నా బండేది?"

"వాగు అవతల," అంది ఫ్లోరెన్స్, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "బస్సెక్కి రా."