చేటెడు తవుడుకు కొన్న పిల్ల

జీపు తలుపు వేసేశారు. లోపల మూడేళ్ల పెంటమ్మ గుక్కపట్టి ఏడుస్తోంది. అవ్వ ఓబమ్మ జీపు వెంట పరుగెత్తి, పరుగెత్తి, బెళుగుప్ప తారు రోడ్డు మీద చతికిలపడింది.

“నా నోరు పడిపోను! ఎంత మాటంటిని!”

ఏమంది పాపం? అబద్ధమేమీ ఆడలేదు. పిల్లల సంక్షేమం ఆఫీసరమ్మ వచ్చి “ఈ పిల్ల ఎవరిది?” అనడిగితే, “కొనుక్కున్న పిల్ల మేడమ్, చేటెడు తవుడుకు” అంది. ఓబమ్మ కూతురు తిరుపాలమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోది పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. పక్కింటామె ఎత్తుకుంటే, ఆమెకు తవుడు పోసి మళ్లీ కొనుక్కున్నారు. ఆ పిల్లను కన్నామని పైకి అంటే నిలవదని ఎరుకల గుడిసెల్లో అందరికీ భయం. ఆఫీసరమ్మకు వినబడింది ఒక్కటే. పిల్లను కొన్నారు! ఇంకేముంది, పట్టుకుపోయారు.

సాయంత్రం జనమంతా పిల్లల కొట్టంలో కూడారు. వానల్లేక వయసువాళ్లు బెంగళూరు కూలికి పోతే, వాళ్ల పిల్లల్ని ముసలివాళ్లు సాకే కొట్టం అది. తమ చేతుల్తో తామే కట్టుకున్నారు. అక్కడ కథలూ జోలపాటలూ ఎరుకల మాటలోనే. అందరికీ ఒకే కుండలో సంగటి.

“మూసేద్దామప్పా,” అన్నాడు తిప్పన్న. “దొంగజాతని మా తాతను టేషన్లో ఏసి ఇరగ్గొట్టినారు. ఇంగ ఇంతమంది పిల్లల్ని ఒకచోట చూస్తే, అమ్ముకుంటారని మనల్ని కొడతారు.”

బయమ్మ కొంగు బిగించి లేచింది. “మూసి యాడికి పంపుతావన్నా? పందులోళ్ల పిల్లలని గడప బయట కూసోబెట్న్యారే, ఆ బడికా? బెంగళూరు ఇసక కుప్పల మిందికా?”

తిప్పన్న పోయి సంగటి కుండ దించాడు.

మర్నాడు పిల్లాజెల్లాతో సహా ఆఫీసు ముందు కూర్చున్నారు. కబురంది బెంగళూరు నుంచి వచ్చిన తిరుపాలమ్మ కాళ్లకు ఇంకా సిమెంటే. ఆఫీసరమ్మ మెట్ల మీద నిలబడింది.

“మీ కొట్టానికి అనుమతి లేదు. మూసేస్తామని అందరి ముందూ ఒప్పుకో, పిల్లనిస్తాం. లేకపోతే కొన్నందుకు కేసే.”

ఓబమ్మ చేతులు జోడించింది. “మూస్తాం తల్లీ, మూస్తాం...”

“వద్దుమా!” తిరుపాలమ్మ తల్లి చేతులు విడదీసింది. “రేపు నేను కూలికి పోతే నా పిల్ల యాడుంటాది? ఈ పిల్లలంతా యాడుంటారు?” ఆఫీసరమ్మ వైపు తిరిగి, అట్లా కొనుక్కున్న పిల్లను గురించి ఏ తల్లీ అనకూడని మాట అనేసింది. “అది నా కడుపున పుట్టిన పిల్ల! ఈడ నిలబడి చెప్తాండా. దానికేమన్నా అయితే, నాతో ఈ మాట అనిపిచ్చింది నువ్వే!”

ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. ఆఫీసరమ్మ సైగ చేయగానే, కొన్నందుకు కేసంటూ పోలీసులు ఓబమ్మ రెక్క పట్టి వ్యానెక్కించారు.

“నన్నూ పెంట మింద నుంచే కొన్నారు, ఎక్కించుకో!” బయమ్మ ఎక్కింది.

“నన్నూ కొన్నారు సార్. తవుడు దండగని మా యమ్మ ఇప్పటికీ తిడతాది.” తిప్పన్నా ఎక్కాడు.

రోడ్డు మీద చెనక్కాయ కూలికి పోతున్న ఆడది గంప దించింది. “మాది మీ కులం కాదులే. అయినా నా పేరు పెంటక్కే, నన్నూ రాసుకోండి.”

ఒకరి వెనక ఒకరెక్కితే వ్యాను నిండింది. కిటికీ ఊచలు పట్టుకుని ఓబమ్మ అరిచింది: “కొట్టం మూయొద్దండీ! పిల్లలకు పొద్దున సంగటి పెట్టండీ!”

తిరుపాలమ్మ పోయి చక్రాల ముందు కూర్చుంది. వెనకే మిగిలినవాళ్లు, ఒళ్లో పిల్లలతో. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయలేదు. ఎవరూ లేవలేదు.