అడుగున నాలుగు చిల్లులు

ఆ వ్యాన్‌ని నౌపడ ఉప్పుమడుల పక్క షెడ్డులోంచి ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చిన రోజున ఊరంతా వచ్చి చూసింది. చూసినవాళ్లలో మెచ్చుకున్న పాపాన పోయినవాడు ఒక్కడూ లేడు. ఇరవై ఏళ్లు ఉప్పుగాలి తిన్న బండి మరి. తలుపు తీయబోతే తలుపే చేతికొచ్చింది. అడుగు రేకు జల్లెడైపోయింది, సీట్లో కూర్చుని కిందికి చూస్తే ఇసుకలో పీతలు పరిగెడుతూ కనిపించాయి. బండి కొన్న ఝాన్సీ మాత్రం అవేవీ చూడలేదు. గేరు రాడ్డు పక్కనున్న ఇంకో చిన్న రాడ్డునే చూసింది. అది వేస్తే వెనక చక్రాలతోపాటు ముందు చక్రాలూ లాగుతాయి. అలాంటి బండి అయితేనే ఇసుకలో నడుస్తుంది.

ఆ ఊరికి కావలసింది అదే. తీరానికీ తారురోడ్డుకీ మధ్య మైలున్నర ఇసుక. ఆటోలవాళ్లు బతిమాలినా తారు దిగరు. పడవలు తెచ్చిన చేపల్ని ఆడవాళ్లు గంపలకెత్తి నెత్తిన మోసుకెళ్లాల్సిందే. ఝాన్సీ అత్త జగ్గమ్మ నలభై ఏళ్లుగా మోస్తోంది. కిందటేడు మెడ పట్టేసి కుడిచెయ్యి తిమ్మిరెక్కితే, ఇక గంప ముట్టుకోవద్దని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, మర్నాడు పొద్దున్నే గంపెత్తింది. ఆ మెడ ఇంకో ఏడు తట్టుకోదని ఝాన్సీకి తెలుసు, అత్తకి చెప్పి ఒప్పించడం తన తరం కాదనీ తెలుసు. అందుకే ఈ బండి.

"ఈ తుప్పులో నాను కాలెట్టను," అంది జగ్గమ్మ నలుగురూ వినేట్టు. "వేట తెరిసిన రోజున ఇది ఇసకలో దిగబడిందనుకో, మర్నాడే పాత ఇనప సామాన్లోడికి ఇచ్చియ్యాల. నా గంప నాను మోసుకుంతాను. మల్ల నువ్వు నోరెత్తకూడదు. ఏటి, ఒప్పుకుంతావా?"

"ఒప్పుకుంతానత్తా," అంది ఝాన్సీ.

చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టిన వేట నిషేధం అరవై ఒక్క రోజులు. ఆలోగా బండి లేచి నిలబడాలి. నరసన్నపేట నుంచి మెకానిక్ త్రినాథ్‌ని పిలిపించింది. అతను నోటినిండా మాటలూ, వేళ్లనిండా గ్రీజూ ఉన్న మనిషి. ముందు చక్రాలకి శక్తినిచ్చే షాఫ్టుని ఎవరో మహానుభావుడు ఎప్పుడో ఊడదీసి, గోనెసంచిలో చుట్టి బండి వెనకే పడేశాడు. త్రినాథ్ దాన్ని చూసి పెళ్లికొడుకు దొరికినట్టు మురిసిపోయాడు. ఉప్పుతో బిగిసిపోయిన చక్రాల హబ్బుల్ని వారంపాటు కిరసనాయిల్లో నానబెట్టి కదిపాడు. ఇంజను విప్పి కడిగి కూర్చాడు. సన్న టైర్లు తీసేసి వెడల్పువి వేయించాడు. కొత్త లైట్లు, ఐసు కరగకుండా చుట్టూ థర్మకోలు.

"ఇసకలో దిగేముందు టైర్లలో సగం గాలి తీసియ్యక్కా. అప్పుడు సక్రం దిగబడదు, ఇసక మీద తేల్తాది," అని చెప్పాడు. అంతవరకూ బాగానే ఉంది.

పేచీ అడుగు దగ్గర వచ్చింది. రేకు వెల్డింగుకి నరసన్నపేట తీసుకెళ్దామన్నాడు త్రినాథ్. ఝాన్సీ మొగుడు లక్ష్ముడు వినలేదు. వేట లేక అతనికీ, పడవలో అతని జట్టు ఐదుగురికీ చేతులు దురదపెడుతున్నాయి. ఫైబరు పడవలకి అతుకులేసే చేతులవి. నాలుగు రోజుల్లో అడుగంతా ఫైబరు పరిచి, జిగురు పోసి, గరుకుకాగితంతో రుద్ది అద్దంలా చేశారు. ఊపులో వెనక తలుపు దగ్గర జానెడు గట్టు కూడా కట్టేశారు. కొత్త పడవకి చేసినట్టే పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మ పేరు రాసి, ఇక ఇందులోకి చెప్పులతో ఎక్కకూడదని రూలు పెట్టారు. మొదట దొరికిపోయింది త్రినాథే. పాపం, ఆ రోజు నుంచి ఉత్త కాళ్లతో గ్రీజు తొక్కుకుంటూ పని చేశాడు.

అయినా అడుగు బాగుందని ఒప్పుకున్నాడు. "కానైతే ఐసు నీల్లు పోడానికి మూలకొకటి సిల్లెట్టాల," అని నాలుగు చిల్లులు వేసి వెళ్లాడు.

పొద్దున వచ్చి చూస్తే నాలుగూ పూడ్చేసి ఉన్నాయి. మళ్లీ వేశాడు. మర్నాటికి మళ్లీ మాయం. మూడోసారీ అదే జరిగేసరికి తల పట్టుకుని, "ఎవుడ్రా ఈ పని సేసినోడు?" అని అరిచాడు.

"నానే," అన్నాడు లక్ష్ముడు, తప్పు చేసినవాడిలా కాదు, తప్పు దిద్దినవాడిలా. "అడుగున సిల్లు కనిపిత్తే నాకు నిద్ర పట్టదు బావా. సముద్రంలో మా తాత పోయింది అలాటి సిల్లుతోనే."

త్రినాథ్ డ్రిల్లు తీసి సంచిలో పడేశాడు. నాలుగోసారి చిల్లు వేయలేదు. ఉత్త బండి ఇసుకలో ఎక్కడా ఆగకుండా పరిగెడుతుంటే చూసి, ఝాన్సీ కూడా ఆ సంగతి మర్చిపోయింది.

వేట తెరిచిన రోజు పడవలు చేపలతో నిండుగా వచ్చాయి. కవ్వళ్లు, కానాగడతలు, మధ్యలో వంజరాలు. జట్టంతా ఎగబడి బండిలోకి పోశారు, పైన ఐసు కుమ్మరించారు. చేపలకి ఇసుక అంటిందని పడవలో కడిగే అలవాటు కొద్దీ బిందెలకి బిందెలు సముద్రపు నీళ్లు పోశారు. జూన్ ఎండకి ఐసు చకచకా కరిగింది. ఝాన్సీ టైర్లలో సగం గాలి తీసి, చిన్న రాడ్డు వేసి బండి కదిపింది. నాలుగొందల గజాలు వెళ్లిందో లేదో, వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. దిగి చూస్తే లోపల పిక్కలదాకా నీళ్లు, నీళ్లలో చేపలు మళ్లీ ఈతకి సిద్ధంగా ఉన్నాయి.

"నీల్లు! నాను సెప్పినాను కదేటి!" అంటూ త్రినాథ్ నెత్తి బాదుకున్నాడు.

లక్ష్ముడి జట్టు అడుగు జోలికి పోకుండా, సముద్రంలో చేసినట్టే తట్టలతో నీళ్లు తోడడం మొదలెట్టింది. తోడినంతా మళ్లీ కరుగుతోంది. వేట తెరిచిన రోజున అడుగున చిల్లు పొడవడమా అని ఒక్కడూ చెయ్యెయ్యడు, త్రినాథ్‌నీ వెయ్యనివ్వడు. ఝాన్సీ గునపం అందుకుంది. ఆమె కూడా పడవలవాళ్ల బిడ్డే. గునపం పైకి లేచింది కానీ కిందికి దిగలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంకేముంది, ఓడిపోయింది. అత్తవైపు చూడకుండా కొంగు చుట్టకుదురుగా చుట్టి, గంపనిండా చేపలెత్తి నెత్తిన పెట్టుకుంది. నీళ్లు మెడమీదుగా వీపుమీదికి కారాయి. నాలుగడుగులు వేసేసరికి మెడ ఒక పక్కకి ఒరిగింది.

"ఆగే!" అని అరిచింది జగ్గమ్మ. గబగబా వచ్చి కోడలు పడేసిన గునపం అందుకుని, కాలెట్టనన్న బండిలోకి ఎక్కింది.

"అమ్మా, ఒద్దే!" అన్నాడు లక్ష్ముడు.

"నోర్ముయ్యిరా! ఇది పడవేట్రా, సముద్రంలో ఎల్తాదా? ఇది గంపరా! నలబయ్యేళ్లు మోసినదాన్ని, నాకు తెల్దా? గంపకి సిల్లుల్నేకపోతే నీల్లు ఎటు పోతాయి? మెడిరిగిపోద్ది. దీనికి నోరుంటే ఈపాటికి ఏడ్సును!"

నాలుగు మూలలా నాలుగు పోట్లు. లక్ష్ముడు కళ్లు మూసుకున్నాడు. నీళ్లు బుసబుసా ఇసుకలోకి దిగిపోయాయి. బండి నడుం లేచినట్టు పైకి లేచింది. ఝాన్సీ గంప దించి, పరిగెత్తి స్టీరింగు పట్టుకుంది. నాలుగు చక్రాలూ ఒక్కసారి ఇసుకని కరిచాయి. బండి మూలిగి, ఊగి, గట్టెక్కింది. వెనకాల చేపల మధ్య కూర్చుని జగ్గమ్మ అందర్నీ తిడుతూనే ఉంది.

తారురోడ్డు మీద ఆగాక ఆవిడ దిగింది. దాటి వచ్చిన ఇసుకకేసి చాలాసేపు చూసింది. ఆటోలవైపు నడవబోతూ, అలవాటుకొద్దీ కుడిచెయ్యి పైకెత్తి నెత్తిమీద గంప పట్టుకోబోయింది. అక్కడేమీ లేదు. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"ఏటత్తా?"

"ఏటీ నేదే. తేలిగ్గా ఉన్నాది," అంది జగ్గమ్మ. "గంప నేకపోతే నానెవులినే? బయమేస్తన్నాది."

అప్పుడు తెలిసింది ఝాన్సీకి, అత్త ఇన్నాళ్లూ పంతం పట్టింది బండి మీద కాదని. గాల్లో ఉన్న చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించి, అలాగే పట్టుకుని ఆటోలదాకా నడిపించింది.