శేషప్ప చూడని సద్దిగిన్నె

పత్తి మిల్లులో అగ్గిపుల్ల ఎంత పని చేస్తుందో ఆదోనిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే రామకృష్ణయ్య జిన్నింగు మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ శేషప్ప మగవాళ్ల జేబులు తడిమి, బీడీలూ అగ్గిపెట్టెలూ తన డబ్బాలో వేయించుకున్నాకే లోపలికి వదిలేవాడు. ఆడవాళ్ల సద్దిగిన్నెలు మూత తీసి చూసేవాడు. మౌనిక గిన్నె మాత్రం చూసేవాడు కాదు. ఆలూరు దగ్గరి పల్లె నుంచి షేర్ ఆటోలో మిల్లు పనికి వచ్చే ఆ పిల్ల సాయంత్రం పోతూ ముసలాయన మంచీచెడ్డా అడిగిపోయేది. "నీ గిన్నె సూసేదేందిమ్మా, పో" అనేవాడు.

ఆ నమ్మకమే లోకేష్‌కు పనికొచ్చింది.

ఎమ్మిగనూరు నుంచి వచ్చి మిల్లులో యంత్రం నడిపే లోకేష్‌తో మౌనికకు పెళ్లి కుదిరి రెండు నెలలైంది. వాళ్లే ఇష్టపడ్డారు, పెద్దలు గొణిగి గొణిగి ఒప్పుకున్నారు. మనిషి మంచివాడే గానీ, మధ్యాహ్నం బీడీ లేకపోతే చేయి ఆడదు. "నా కోసరం ఆ మాత్రం సెయ్యలేవా?" అని అడిగాడు. మనసిచ్చిన ఆడపిల్లను ఇంతకంటే సులువుగా లొంగదీసే మాట ఇంకోటి లేదు. జొన్నరొట్టెల కింద బీడీకట్ట, అగ్గిపెట్టె పెట్టుకుని నెలరోజులు గేటు దాటింది మౌనిక.

పోయిన వారం లోకేష్ పారేసిన బీడీకి పత్తికుప్ప అంటుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ కుప్ప కుప్పంతా బొగ్గయింది. ముసలోడు సరిగ్గా తడమలేదన్నారు అందరూ. శేషప్పను అప్పటికప్పుడే పనిలోంచి తీసేశారు. "అందర్నీ సూసినానప్పా, యాడ తప్పినానో ఏమో" అని గొణుక్కుంటూ పోయాడాయన. ఆ మాట విన్నాక మౌనికకు ముద్ద దిగలేదు.

లోకేష్ మాత్రం మరుసటి రోజే మంత్రాలయం పోయివచ్చాడు. తుంగభద్రలో మునిగి, తడిబట్టలతో పొర్లుదండాలు పెట్టి, బీడీ మానేస్తానని మొక్కుకున్నాడు. మోచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి. చూస్తే ఆమెకు జాలేసింది కూడా.

"సామి దగ్గర అంతా సెప్పుకున్నా మౌనికా. ఇంగ ఎవురికీ సెప్పే పని లేదు."

"పని పోయినది సామిదా?" అంది మౌనిక.

లోకేష్ ముఖం మాడ్చుకున్నాడు. "నాతో బతకాల్సినదానివి. నామీద నమ్మకముంటే నోరు మూసుకో."

రెండు రోజులు నోరు మూసుకునే చూసింది. మూడోరోజు, "సావుకారు దగ్గరికి పోతాండాను. నువ్వూ రా" అంది. తన పేరు ఎక్కడ బయటపెడుతుందోనని వెంటపడి వచ్చాడు లోకేష్.

రామకృష్ణయ్య ముందు నిలబడింది మౌనిక. "అయ్యా, అగ్గిపెట్టె లోపలికి తెచ్చింది నేను. శేషప్ప తాత నన్ను నమ్మి గిన్నె సూడలేదు. తప్పు నాది."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "బీడీ తాగేది నువ్వా?"

"లేదయ్యా."

"మరి ఎవరి కోసరం తెచ్చినావు?"

మౌనిక తలొంచుకుంది. ఆ జవాబు చెప్పాల్సినది తను కాదు. పక్కనున్నవాడు ఒక్క మాట అంటే చాలు, ఊరంతా ఉమ్మేసినా అతని వెంటే నిలబడేది. యంత్రాల చప్పుడు వినబడుతూనే ఉంది. లోకేష్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

రామకృష్ణయ్య విసుక్కున్నాడు. "శేషప్పను మళ్లీ పనికి రమ్మని కబురు పెడతా. నువ్వు మాత్రం రేపట్నుంచి పనికి రావాకు."

గేటు దాటగానే లోకేష్ పరుగున వచ్చి ఆమె చేయి పట్టుకున్నాడు. "నా పేరు సెప్పలేదు సూడు, నువ్వు బంగారమే! పనిదేముంది, పెండ్లయితే ఎట్లాగూ ఇంట్లోనే ఉంటావు కదా."

పెళ్లి కుదిరిన రోజు కూడా అతని ముఖంలో అంత సంతోషం చూడలేదామె. పేరు బయటపడనందుకు ఇంత సంతోషమా! మౌనికకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"నీ పేరు నేను దాసలేదు లోకేష్. నీ నోట్లోంచి వస్తాదని కాసుకున్నా." చేయి విడిపించుకుంది. "ఈ పెండ్లి లేదని మీ ఇంట్లో నువ్వే సెప్పు. దీనికైనా నోరు తెరువు."