మా ఇంటి నాలుగు ఓట్లు

మా ఇంట్లో ఓట్లు నాలుగు. తాతయ్యదొకటి, నాన్నదొకటి, అమ్మదొకటి, మొన్నమొన్ననే పద్దెనిమిది దాటిన అన్నయ్యదొకటి. నాకు పదహారు. మా లాండ్రీ కొట్టులో ఇస్త్రీ బల్ల దగ్గర పొద్దంతా నిలబడడానికి సరిపోయిన వయసే, ఓటు దగ్గరికొచ్చేసరికి చాలకుండా పోయింది.

అమ్మకి నడుము పట్టేసిన ఏడాది పగటి బడి మానేసి ఆ బల్ల దగ్గరికొచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు, నిజమే. వద్దనీ అనలేదు. అప్పట్నుంచీ నా చదువంతా సాయంకాలం బడిలోనే. ఊరికి అలాంటిది అదొక్కటే. ఇప్పుడా పాత భవనం పడగొట్టి కార్లు నిలిపే చోటు చేద్దామా, బడినే ఉంచుదామా అని ఊరివాళ్ళను ఓటు అడిగారు. ఆ బడిలో చదివే మాలో చాలామందికి ఓటు లేదు. దాని గడప తొక్కనివాళ్ళందరికీ ఉంది. ఏం న్యాయమో!

"పదహారేళ్ళకే ఓటిస్తే తప్పేంటి తాతయ్యా?" అని భోజనాల దగ్గర అడిగాను.

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట! మీ వయసులో ఎవడేం చెబితే అదే నిజం. దాన్ని పట్టుకుని ఊగిపోతారు," అన్నాడు తాతయ్య.

"ఇస్త్రీపెట్టె చేతికిచ్చినప్పుడు ఈ వయసు గుర్తు రాలేదేం?"

అన్నయ్య కిసుక్కుమన్నాడు. నాన్న మాత్రం తినడం ఆపి, "నీకు ఓటు లేకపోతేనేమ్మా? మా నాలుగూ నీవే. బడికే వేస్తాం," అన్నాడు. తాతయ్య గొణుక్కుంటూనే సరేనన్నాడు. అమ్మ నా తల నిమిరింది. ఆ మాటతోనే నా కడుపు నిండిపోయింది.

ఓటింగు రోజున నలుగురి బట్టలూ నేనే ఇస్త్రీ చేసిచ్చాను. వాళ్ళొచ్చేదాకా కొట్టు నేనే చూసుకున్నాను. "వేసొచ్చాం," అన్నారు నలుగురూ. అబద్ధమేమీ కాదు, వేసే వచ్చారు.

మర్నాడు లెక్క తేలింది. ఊరంతా కలిపి బడి మూడంటే మూడు ఓట్లతో ఓడిపోయింది. ఏ వీధి పెట్టెలో ఎన్ని పడ్డాయో కాగితం మీద రాసి గోడకి అంటించారు. మా వీధంతా కొట్లే, బడికి వేసేదుంటే మావాళ్ళే. ఆ నాలుగైనా కళ్ళారా చూసుకుందామని జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను. మా వీధికెదురుగా, బడి గడిలో సున్నా ఉంది. నాకే చదవడం సరిగ్గా రాలేదేమోనని మళ్ళీ చదివాను. సున్నాయే.

ఒళ్ళు మండిపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నాకు నలుగురూ ఒకేసారి దొరికారు. కొట్టులోకి వెళ్ళగానే, "బడికి వేసిందెవరు? ఒక్కరు చెప్పండి!" అని అరిచాను.

నాన్న మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టాడు. "కార్లు పెట్టుకునే చోటుంటే గిరాకీ పెరుగుతుందమ్మా. కొట్టు బాగుంటే నీకే కదా మంచిది. మిగతా ముగ్గురూ బడికే వేస్తారు కదా అనుకున్నా."

"నేనూ అంతే అనుకున్నా," అన్నాడు అన్నయ్య. "ఆ బడి సర్టిఫికెట్‌కి ఎవడూ ఉద్యోగం ఇవ్వడే. నీ టైమ్ వేస్టు."

"చీకటి పడ్డాక ఒంటరిగా ఆ దారిలో రావడం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు," అన్నాడు తాతయ్య.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. "పొద్దంతా నిలబడి, మళ్ళీ బడికి పరిగెత్తి, చిక్కి సగమైపోయావే. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. నీ కోసమే వేశాను."

"అంత జాలుంటే ఇస్త్రీ మాన్పించాల్సింది కదమ్మా!"

ఇంతలో నువ్వైనా వేసుండాల్సిందంటే నువ్వైనా వేసుండాల్సిందని వాళ్ళలో వాళ్ళే మొదలుపెట్టారు. తిలాపాపం తలా పిడికెడు. నేనక్కడ ఉన్నాననే మర్చిపోయారు.

"సర్లేమ్మా," అన్నాడు నాన్న కాసేపటికి. "ఇంకో రెండేళ్ళు ఓపిక పడితే నీకూ ఓటొస్తుంది."

"వచ్చాక దేనికి వెయ్యను నాన్నా, కార్లకా?"

సంచీ భుజాన వేసుకున్నాను. ఇంకా పడగొట్టలేదుగా, ఉన్నన్నాళ్ళూ వెళ్తాను. నాన్న బండి తాళం తీసుకుని గబగబా నా వెనకే వచ్చాడు.

"ఉండమ్మా, బడి దగ్గర నేను దింపుతాను."

"వద్దు నాన్నా. నా మంచి కోసమని దారిలో ఇంకెటైనా తిప్పుతావు."