చచ్చినట్టు పడుకునేవి

పురుగు చప్పుడు వినడానికి అప్పటికి పదకొండో బియ్యం బస్తాకు చెవి ఆనించింది ఆమె. గోనెపట్టా గళ్ళు చెంపమీద అచ్చుపడ్డాయి. గోదాములో అందరూ ఆమెను చెవులత్త అంటారు. అనుకోనీ! ఆ చెవుల పుణ్యమా అని ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

బస్తా లోపల సన్నగా కరకర. ఒకటీ రెండూ కాదు, బోలెడు.

ముక్కుపురుగు సంగతి ఆమెకు తెలిసినంత దాన్ని కన్న తల్లికైనా తెలియదేమో. ఒళ్ళు గింజకంటే చిన్నది. దానికి సూదిలాంటి ముక్కు, ముక్కు చివర పళ్ళు! మోచేతుల్లా వంగిన మీసాలతో చీకట్లోనే గింజ వాసన పట్టేస్తుంది. గింజకు బెజ్జం చేసి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. పిల్ల లోపల తింటూ పెరుగుతుంది. పైకి గింజ నున్నగానే ఉంటుంది. పెద్ద పురుగుకు కాస్త కుదుపు తగిలిందా, కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతుంది. అబ్బో, ఎంత నటనో!

పోయినేడు ఇలాంటి కరకరే విని ఆమె కూడా ఆ పురుగులాగే కదలకుండా నోరు మూసుకుంది. ఆ బియ్యంలో హాస్టలు పిల్లలు పురుగులు ఏరుకుని తిన్నారని తెలిసిన రోజు ఆమెకు ముద్ద దిగలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

ఇవాళ మళ్ళీ అదే హాస్టలుకు ఈ బస్తాలే లారీ ఎక్కుతున్నాయి. కొత్తగా వచ్చిన వార్డెనమ్మ ఆఫీసు గదిలో బల్ల ముందు కూర్చుంది. మేనేజరు పళ్ళెంలో బియ్యం పోసి, టపటపా తట్టి ముందుకు తోశాడు.

"చూడండి మేడమ్, ఒక్క పురుగు కదిలితే ఒట్టు!"

వార్డెనమ్మ సరుకు రసీదును దగ్గరికి లాక్కుని కలం తీసింది.

"కదలవమ్మా," అంది చెవులత్త గుమ్మంలోంచి. "సారు తట్టారు కదా, చచ్చినట్టు పడుకున్నాయి."

"నీకెందుకు ఇవన్నీ? పోయి నీ పని చూసుకో," అన్నాడు మేనేజరు.

"నా పని చూసే వచ్చాను సార్. ఈ బియ్యం పిల్లలకు పోనివ్వను."

"అయితే రేపటినుంచి రావద్దు."

"రాను. పోయినేడే మానేయాల్సింది."

చెవులత్త గుమ్మం పక్కన, మేనేజరు పళ్ళెం నింపుకున్న బస్తాలోంచి గుప్పెడు బియ్యం తీసి, నేరుగా వచ్చి రసీదుమీద పోసింది. దోసిలి అడ్డం పెట్టి వెచ్చగా ఊపిరి ఊదింది.

"రెండు నిమిషాలు బల్ల కదపకండమ్మా. వెచ్చదనం తగిలితే అవే లేస్తాయి."

చేతులు దులుపుకుని ఎండలోకి నడిచింది. ఇంట్లో చెల్లెలికి ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకోవచ్చు. వెనక్కి తిరిగి చూడలేదు.

మేనేజరు రసీదు లాగబోయాడు.

"ఉండండి," అంది వార్డెనమ్మ, అతని చెయ్యి ఆపి.

రసీదుమీద సంతకం చోట, తెల్లటి గింజల మధ్య గోధుమరంగు చుక్క ఒకటి మెల్లగా ఒక్కో కాలే చాపుతోంది.