గడ్డ తొక్కలోని నూగు

ఎర్రగడ్డల తొక్క తీయడంలో గురవమ్మది అందెవేసిన చేయి. ఆ సంగతి ఆమె అత్త కూడా ఒప్పుకుంది. కోడలి గురించి ఆ మహాతల్లి నోట వచ్చిన మంచిమాట అదొక్కటే. అందుకే సౌదీలోని తబూక్‌లో, తాను పనిచేసే ఇంటి మదామ్ ఖాలిదా ఒక సంచి తెచ్చి సింకు పక్కన పెట్టి, "వీటిని శుభ్రం చేసి ఉంచు మరియం" అని కాలేజీకి వెళ్లిపోతే, గురవమ్మ ఇంకేమీ అడగలేదు. తెల్లగడ్డంత గడ్డలు, ఓ పది ఉంటాయేమో. మట్టి కడిగి, గోధుమరంగు తొక్క ఒలిచి, తెల్లగా మెరిసేలా గిన్నెలో వేసింది. ఒలుస్తుంటే తొక్క లోపల ఒత్తుగా నూగు వేలికి తగిలింది, పసిపిల్ల నెత్తి మీద జుట్టులాగ. అంత మెత్తనిది చేతికి తగిలి ఎన్నాళ్లయిందో! కాసేపు చెంపకు ఆనించుకుని, తర్వాత చెత్తలో వేసి, చెత్త బయట పారేసి వచ్చింది.

మరియం అంటే గురవమ్మే. ఏడేళ్ల కిందట ఈ దేశంలో మొదట పనిచేసిన ఇంటావిడకు అసలు పేరు నోరు తిరగలేదు. ఆవిడ పెట్టిన పేరే బట్టల సంచితోపాటు ఈ ఇంటికీ వచ్చింది. అంతకుముందు మాత్రం ఆమెను పేరు పెట్టి పిలిచి ఏడ్చిందెవరు? రాయచోటి దగ్గర అత్తగారింట్లో ఆమె "ఒసే", బిడ్డ పుట్టాక "పాప వాళ్లమ్మ". మొగుడు ఓబులేసు ఫోన్లో ఇప్పటికీ అదే పాట. "నువ్వు ఆడ చేసేదేముందిలే మే, ఈడ చేసిందే గదా! బోకులు తోమడానికి గూడా చదువు గావల్నా?"

మదామ్ చెప్పేది మొక్కల పాఠం. ఆమె గదిలో ఇనప బీరువాల నిండా దళసరి కాగితాలకు అతికించిన ఎండు మొక్కలు. ప్రతి కాగితం కింది మూలలో ఒక చీటీ ఉంటుంది. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించిన మనిషి పేరు. ఒకసారి మదామ్ పాత కాగితమొకటి చూపించి, "ఈయన పోయి ఎనభై ఏళ్లు. పేరు మాత్రం ఇక్కడే ఉంది. ఎవరూ కొట్టెయ్యడానికి లేదు" అంది. అప్పటినుంచి బీరువాల దుమ్ము తుడిచినప్పుడల్లా గురవమ్మ మనసు ఆ మూలకే పోతుంది. గడ్డిపరక తెచ్చినవాడికి అంత చోటు దొరికితే, ఇన్నేళ్లు ఇన్ని ఇళ్లు తుడిచినదానికి వేలెడంత చీటీ దొరకదా అనుకునేది. నవ్వుకునేది. నవ్వుకున్నా ఆ ఆశ పోలేదు.

సాయంత్రం మదామ్ వచ్చి గిన్నె చూసి కుర్చీలో కూలబడింది. అరవలేదు, అరిచి ఉంటేనే బాగుండేది. "ఇవి కొండ తులిప్ గడ్డలు మరియం. ఒకదాన్నొకటి పోలిన జాతులు చాలా ఉన్నాయి. ఆకు చూసి మోసపోతాం, పువ్వు చూసి మోసపోతాం. తొక్క లోపలి నూగు చూస్తేగానీ ఏ జాతో తేలదు. నువ్వు దాని పేరే ఒలిచి పారేశావు."

గురవమ్మ చెత్తబుట్ట వైపు చూసింది, అది ఖాళీ. అయినా వేలికి గుర్తుంది. "నూగు ఒత్తుగా ఉంది మదామ్. కొస దగ్గర కుచ్చులాగ బయటికి కూడా వచ్చింది."

మదామ్ తలెత్తి ఆమెను మొదటిసారి చూసినట్టు చూసింది. "నీ వేలిని కాగితానికి అతికించలేను కదా. శుక్రవారం ఇవి దొరికిన కొండకు మళ్లీ వెళ్తాను, నువ్వూ రా."

లౌజ్ కొండ మీద ఆ రోజు చలి. మదామ్ దగ్గర మొక్కలు తవ్వేందుకు అనుమతి కాగితం ఉంది కానీ ఈసారి మోకాళ్లు సహకరించలేదు. సగం దారిలో బండమీద కూర్చుండిపోయింది. గురవమ్మ ఒక్కతే ఎక్కింది, చేతిలో వంటింటి గరిటె. పైన మబ్బు రాళ్లమీదే పడుకుని ఉంది. ఎవరూ పిలవడం లేదు. ఎవరి అన్నం వేళా కాదు. తన ఊపిరి తనకు వినబడటం ఎంత బాగుందో అనుకుంది, పెళ్లయ్యాక ఇదే మొదలు. రాతి సందుల్లో బూడిదరంగు మొగ్గలు, రాళ్లలో రాళ్లలాగ. తొక్కుకుంటూ పోయినా తెలిసేది కాదు. ఇంతలో మబ్బు తొలగి ఎండ పడింది. ఆమె చూస్తుండగానే అవి ఒక్కటొక్కటే విచ్చుకున్నాయి. తెల్లటి రేకులు, నడుమ పసుపు, ఒకే కాడకు రెండు పూలు. గురవమ్మ చలినేలమీద చతికిలబడి, ఏ పనీ లేనిదానిలాగ, చాలాసేపు వాటితోపాటు ఎండ కాచుకుంది. మళ్లీ మబ్బు పట్టగానే పూలు ముడుచుకున్నాయి. ఇంతకాలం నేనూ ముడుచుకునే ఉన్నానేమో, అంతేగానీ లేకుండా పోలేదు అనుకుంది. అప్పుడు గరిటెతో మెల్లగా తవ్వి, తొక్క చెదరకుండా ఒక్క మొక్కను గడ్డతో సహా తీసి తలగుడ్డలో చుట్టుకుంది.

వారం తర్వాత మొక్క ఎండింది. మదామ్ భూతద్దం కింద నూగు చూసి, "నీ వేలు చెప్పింది నిజమే" అని జాతి పేరు రాసింది. చోటు రాసింది, తేదీ రాసింది. సేకరించినవారు అన్నచోట అలవాటుగా ఖాలిదా అని రాసి ఆగింది. మనసున్న మనిషే. "పక్కన మరియం అని కూడా రాస్తాను, సరేనా?" అంది.

గురవమ్మ చేతిలోని తుడుపు గుడ్డ బల్లమీద పెట్టింది. ఏడేళ్లలో నేర్చుకున్న వంకర అరబ్బీలో ఆపకుండా చెప్పింది.

"మరియం ఎవరో నాకు తెలీదు మదామ్. కొండెక్కింది గురవమ్మ. ఒక్కతే."